లోపలి గెడ, బయటి అప్పడాలు

మొన్నొక ఆదివారం ఇక్కడ బరంపురంలో మా కాలనీ మహిళా సంఘం వాళ్లు కల్యాణ మండపంలో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఒక సమావేశం పెట్టారు. మామూలుగా ఇలాంటివాటికి నేను వెళ్లను. బీపీ గురించీ మోకాళ్ల గురించీ ఈ వయసులో మనకు ఎవరూ కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అయితే వానలు మొదలైన రోజుల్లో మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, పోయిన దగ్గర్నుంచి నేను గది దాటి బయటికి రావడం లేదని మా కోడలు బెంగపెట్టుకుంది. మీరు రాకపోతే నేనూ వెళ్లనని కూర్చుంది. సరే, ఆమె కోసం వెళ్లాను.

మాట్లాడిన లేడీ డాక్టరుకు మా కోడలి వయసే ఉంటుంది. సగం ఒడియాలో, సగం ఇంగ్లీషులో మాట్లాడింది. ముట్లు ఆగిపోయాక వచ్చే వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, ఇవన్నీ వరుసగా చెప్పుకొచ్చి, గొంతు పెంచకుండా తగ్గించకుండా అదే వరసలో ఇంకో మాట కూడా చెప్పింది. ఆడమనిషి తన శరీరాన్ని తానే తాకి సుఖం పొందడం జబ్బు కాదు, పాపమూ కాదు. పెళ్లయినా కాకపోయినా, భర్త ఉన్నా పోయినా, వయసు ఎంతయినా అది ఆమె సొంత విషయం. దానివల్ల ఏ హానీ లేదు, హాని అంతా దాని చుట్టూ మనం పోగేసుకున్న భయం వల్లే, అని. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో పడుచు పిల్లలు తలలూపారు. మా కోడలు కుర్చీలో కొంచెం సర్దుకుని, నా మొహం చూడాలా వద్దా అన్నట్టు కూర్చుంది.

నా పక్కన మా వీధి చివరింటావిడ ఉంది. నా ఈడుదే, జూట్‌మిల్లులో పనిచేసిన ఆయన భార్య. నన్ను మోచేత్తో పొడిచి, "ఏటంటందే ఆ డాక్టరమ్మ? ఆ ఇంగిలీసు నాకు తెలీదు" అంది. ఇంటికి వెళ్లాక చెప్తానన్నాను. ఆవిడ, "ఒడియాలో సెప్పింది ఇన్నాన్లే. నువ్వు సెప్తావో దాస్తావో సూద్దారని" అని, కళ్లజోడు తుడుచుకుంటూ ఎటో చూసింది.

నాకు నవ్వు రాలేదు, సిగ్గు కూడా వెయ్యలేదు. ఆ మండపంలో ఫ్యాన్ల గాలిలో కూర్చుని ఉండగా నాకు ఎక్కడినుంచో ఇంగువ కలిపిన మినప్పిండి వాసన వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మా అత్తగారిది టెక్కలి దగ్గర పల్లె. మామగారు రైల్వేలో గార్డు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బరంపురం బదిలీ మీద వచ్చి, ఈ ఊరి నీళ్లకూ భాషకూ అలవాటుపడి, ఇక్కడే పొడుగాటి పెంకుటిల్లు ఒకటి కట్టుకున్నారు. వీధి గది దాటితే ఇంటి మధ్యగా పొడుగునా చీకటి నడవ, దానికి ఒక పక్క గదులు, చివర వంటిల్లు, దాటితే వెనక వరండా, నుయ్యి. డిగ్రీ చదివి, తెలుగు స్కూల్లో టీచరుగా చేరిన మరుసటి ఏడు, ఇరవైమూడేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. లైబ్రరీలో ఉన్న నవలలన్నీ చదివేసి వచ్చాను కాబట్టి ప్రపంచం గురించి నాకు బాగానే తెలుసనుకునేదాన్ని. నా ఒంటి గురించి మాత్రం నాకు తెలిసినది ఏమీ లేదు. పెళ్లికి ముందు మా అమ్మ చెప్పింది ఒక్కటే, ఎదురు చెప్పకు అని. దేనికి ఎదురు చెప్పకూడదో కూడా చెప్పలేదు. మా ఆయన మంచివారు, నాకంటే బిడియస్తుడు. మొదటి రెండేళ్లూ మేమిద్దరం చీకట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా మర్యాదగా బతికాం.

మా వదిన నడవ చివరి గదిలో ఉండేది. పెళ్లయిన మూడో ఏడే భర్త జ్వరంతో పోతే పిల్లాజెల్లా లేకుండా పుట్టింటికి తిరిగి వచ్చింది. నేను వచ్చేసరికి ముప్పై దాటిన మనిషి. బొట్టూ గాజులూ లేవు, రంగు వెలిసిన చీరలు కట్టేది. కానీ ఆ ఇంట్లో గట్టిగా నవ్వే గొంతు ఏదైనా ఉందంటే అది ఆవిడదే. కుట్టు మిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. టేపు పట్టుకుని ఎదురుగా నిలబడితే చాలామంది భుజాలు ముడుచుకుని కుంచించుకుపోయేవాళ్లు. "తిన్నగా నిలబడే. నీ ఒళ్లు నిన్నేటి కరుస్తాదా" అని కసిరేది. కొలత తీయించుకుని వెళ్లేటప్పుడు వాళ్లు వచ్చినప్పటికంటే కొంచెం నిటారుగా నడిచేవాళ్లని నాకు అనిపించేది.

మధ్యాహ్నాలు ఆ ఇల్లు ఇంకో ఇల్లులా ఉండేది. వేసవిలో మా స్కూలు ఒంటిపూటే. మగవాళ్లు పనుల్లోకి వెళ్లాక ఆడవాళ్లం పఖాళ తినేవాళ్లం. ఒడియా ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్న చద్దన్నం అది, నీళ్లలో నానిన అన్నం, పెరుగు, వేయించిన వడియాలు. అది తిన్నాక ఒళ్లంతా బరువెక్కి, పెంకుల సందుల్లోంచి పడే ఎండ కూడా కదలకుండా నేలమీద పడుకున్నట్టు ఉండేది. అప్పుడు మా అత్తగారు అప్పడాల పీట తీసేవారు. వారంలో రెండు మూడు సార్లయినా తీసేవారు. నూనె రాసి రోకలితో దంచిన పిండిని తాడులా సాగదీసి, దారంతో ఉండలుగా కోసి ఇవ్వడం నా పని. ఒత్తడం ఆవిడ పని. ఒత్తిన అప్పడాలను పాత చీర పరిచి నడవ అడ్డంగా ఈ గోడనుంచి ఆ గోడదాకా ఆరబెట్టేవారు. వంటింటివైపు ఆవిడ పీట వేసుకు కూర్చుంటే, మా వదిన గది తలుపు సరిగ్గా ఆ చీర మధ్యకు వచ్చేది.

ఆ పని నడవలో ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. వెనక వరండా ఉంది, వెలుగుంది, పొయ్యి వేడి లేదు. అడిగితే గాలి తగిలితే అప్పడం అంచు చిట్లుతుందని చెప్పేవారు. అది నిజమే. కానీ వీధి గదిలో కూడా గాలి రాదు. ఆరే అప్పడాలను ఎవరూ దాటకూడదని ఆవిడ పెట్టిన నియమం ఒకటి. పిండి చీరమీద ఉన్నంతసేపూ మామగారైనా సరే వీధి గదిలోనే ఆగిపోవాలి. ఆ సమయంలోనే మా వదిన మిషను మీద గుడ్డ కప్పి, గదిలోకి వెళ్లి, లోపలినుంచి గెడ పెట్టుకునేది. ఆ ఇంట్లో లోపలినుంచి గెడ ఉన్న గది అదొక్కటే. మాకు, కొత్తగా పెళ్లయినవాళ్లకు, ఓరగా వేసిన తలుపూ దానికి అడ్డంగా ఒక ముక్కాలిపీటా ఉండేవి.

ఎప్పుడో పక్కింటి ఒడియా పిన్ని, మేమంతా మాఉసి అనేవాళ్లం, ఏదో అప్పు అడగడానికి వచ్చి వదిన ఏదని అడిగితే, మా అత్తగారు తల ఎత్తకుండా జపంలో ఉంది అన్నారట. ఆ మాట వీధంతా పాకింది. చిన్నవయసులో మొగుడు పోయిన మనిషి, తలుపేసుకుని గంటసేపు మౌనంగా ఉండి, బయటికి వచ్చేటప్పటికి మొహం తేటగా ఉంటుంది. అది జపం కాక మరేమిటని అందరూ అనుకున్నారు. మాఉసి తన కోడలికి కడుపు నిలవాలని ఎర్రమందారాలు తెచ్చి నడవ మొదట్లో పెట్టి వెళ్లేది. ఆ కోడలికి పిల్ల పుట్టాక విరిగిన పాలతో ఇంట్లో కాల్చిన ఛెనాపోడ మిఠాయి పళ్లెం నిండా తెచ్చి ఇచ్చింది. మా వదిన నవ్వకుండా ముక్క తర్వాత ముక్క తిని, "ఇంకెవరికైనా పిల్లలు కావాలేటో కనుక్కోయే పిల్లా, ఈ సారి జీడిపప్పుది సేయమను" అంది నాతో.

నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, నాకు ఆవిడంటే ఒక రకమైన భక్తి కూడా కలిగింది. ఏ మంత్రం అని ఒకసారి అడిగాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుని, "మా అమ్మనడుగు" అంది. అత్తగారిని అడిగితే, "పిండెండిపోతంది, కోయి" అన్నారు.

ఆ ఏడు మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్ర చూడటానికి మామగారి అక్క భంజనగర్ నుంచి వచ్చింది. మేము పెద్దత్త అనేవాళ్లం. ఆవిడా చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న మనిషే. తెల్లచీర, ఒంటిపూట భోజనం, చేతిలో ఎప్పుడూ తులసిమాల. నిజంగా జపం చేసే మనిషి కనుక ఆవిడకు రెండో రోజే అనుమానం వచ్చింది. ఉపదేశం ఎవరిచ్చారు, మాల ఏది, పెదవైనా కదలకుండా ఏం జపం అని మా అత్తగారిని నిలదీసింది. అత్తగారు మనసులో చేసుకుంటాదన్నారు. పెద్దత్త ఆ మధ్యాహ్నం నూతి దగ్గరికని వెనక్కి వెళ్లింది. మా వదిన గది కిటికీ అటువైపే ఉంటుంది. దాని చెక్క రెక్కకు నిలువునా చిన్న పగులు.

నేను దారంతో పిండి కోస్తూ ఉన్నాను. పెద్దత్త వెనకనుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి నడవలోకి వచ్చింది. ఆగలేదు. పచ్చి అప్పడాల మీద తడి కాళ్లతో నడుచుకుంటూ వెళ్లి తలుపు దబదబా బాదింది. అప్పడాలు ఆవిడ పాదాలకు అంటుకుని లేచి, నేలకు మళ్లీ అంటుకుంటున్నాయి. తలుపు తెరుచుకుంది. మా వదిన చీర సరిగ్గా కట్టుకునే ఉంది. ఆవిడ మొహంలో అంతటి భయం నేను ముందెప్పుడూ చూడలేదు, తరవాతా చూడలేదు. అందరి భుజాలూ నిటారుగా నిలబెట్టే మనిషి తన భుజాలు ముడుచుకుని నిలబడింది.

పెద్దత్త చూసినది చూసినట్టు చెప్పలేదు. చెప్పడానికి ఆవిడకు మాట దొరకలేదనుకుంటాను. "సిగ్గులేని పని. ఒంటి తిమ్మిరి. దీనికి జపమని పేరెట్టి పూలెట్టించుకుంటందా" అంది. నాకు అప్పుడు అర్థమైంది. ఒక్కసారిగా కాదు, మెల్లగా, నీళ్లు ఇంకినట్టు. నా చేతిలో దారం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం మామగారు డ్యూటీ దిగి రాగానే, కాళ్లు కడుక్కోకముందే పెద్దత్త ఆయన ముందు నిలబడింది. "ఆ గెడ ఊడబీకించీ తమ్ముడా. దీన్ని నాతో భంజనగర్ అంపీ. నా కళ్ల ముందట పడుంటే అన్నీ అవే తగ్గుతాయి" అంది. భంజనగర్ వెళ్లడమంటే ఏమిటో మాకందరికీ తెలుసు. మిషను ఉండదు, జాకెట్లు ఉండవు, నవ్వు ఉండదు. పొద్దు మీద పొద్దు ఒకే గదిలో పెద్దత్త మంచం పక్కన చాప. మా వదిన వంటింటి గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడి, తండ్రి నోటివైపే చూస్తోంది. ఆ ఇంట్లో ఆయన ఒక మాట అంటే అదే ఆఖరు.

మామగారికి ఏం అర్థమైందో నాకు తెలియదు. ఆయన నోరు తెరవకముందే మా అత్తగారు నడవలోంచి లేచి వచ్చారు. చెడిపోయిన అప్పడాలు గీకి గీకి ఆవిడ గోళ్లనిండా పిండి.

"ఆ గెడ నేనెట్టించిందే ఒదినగోరూ. అదుంటాది" అన్నారు. పెద్దత్త ఏదో అనబోతే ఆపి, మళ్లీ అన్నారు. "నా పిల్ల ఎవురి మొగుణ్ణీ కోరలేదు. ఎవురి గుమ్మమూ తొక్కలేదు. తన గదిలో తనుంది. కిటికీలోంచి తొంగి సూసింది మీరు. అప్పడాలు తొక్కింది మీరు."

ఆవిడ ఆడపడుచుతో అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. గొంతు కూడా పెంచలేదు. పెద్దత్త తమ్ముడివైపు తిరిగింది. ఆయన చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే పెరట్లో సుత్తి చప్పుడు వినిపించి వెళ్లి చూస్తే, యూనిఫారం వేసుకుని డ్యూటీకి సిద్ధమైన మామగారు, నోట్లో రెండు మేకులు పెట్టుకుని, ఆ కిటికీ రెక్క పగులు మీద ఒక చెక్క బద్ద కొడుతున్నారు. కొట్టాక వేలితో నొక్కి చూసి, సుత్తి వంటింటి గూట్లో పెట్టి, వెళ్లిపోయారు.

పెద్దత్త జాత్ర అయిపోయేదాకా ఉండలేదు. భంజనగర్ బస్సు ఎక్కే ముందు మా అత్తగారు పగలని అప్పడాలు ఏరి, గుడ్డలో కట్టి ఆవిడ సంచిలో పెట్టారు. ఆవిడ వద్దనలేదు. అప్పుడు నాకు పెద్దత్త మీద చాలా కోపం ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే లేదు. ఆవిడ కూడా చిన్నవయసులోనే ఒంటరిదైంది. ఆవిడ గదికి గెడ పెట్టించినవాళ్లు ఎవరూ లేరు. నడవలో అడ్డంగా కూర్చున్నవాళ్లూ లేరు.

ఆ వానాకాలం వెళ్లాక మా స్కూలుకు సెలవు వచ్చిన ఒకరోజు మా వదినా నేనూ బస్సెక్కి గోపాల్‌పూర్ వెళ్లాం. ఎందుకు వెళ్లామో గుర్తులేదు. పడవలు ఒడ్డుకు లాగి ఉన్న చోట, వలలు ఆరేసిన తాళ్ల పక్కన ఇసకలో కూర్చున్నాం. మబ్బు పట్టి ఉంది. సముద్రం ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ చేస్తోంది. మధ్యాహ్నమో సాయంత్రమో తెలియని వెలుతురు. నేనేమీ అడగలేదు. ఆవిడే చీర చెంగుతో ఇసక దులుపుకుంటూ మొదలుపెట్టింది.

మొగుడు పోయి వచ్చిన కొత్తలో ఆవిడకు నిద్ర పట్టేది కాదట. డాక్టరు నరాల బలహీనత అని ఎర్రటి టానిక్కు ఇచ్చాడట. ఒకనాడు ఒంట్లో ఆ సుఖం దానంతటదే తెలిసింది. పెళ్లయి మూడేళ్లు కాపురం చేసినా అది తెలియలేదట, తరవాత తెలిసింది. తెలిసిన రోజే భయం కూడా వచ్చింది. పిచ్చెక్కుతుందనో, చూపు పోతుందనో, పోయినాయనకు అపచారమనో. ప్రాయశ్చిత్తంగా శనివారాలు, సోమవారాలు ఉపవాసాలు మొదలుపెట్టింది. చిక్కి సగమైంది. ఒక రోజు తల దువ్వుతూ మా అత్తగారు ఏమిటే నీ బాధ అని అడిగితే, వెనక కూర్చున్న మనిషి మొహం కనిపించదు కదా అని, చెప్పేసిందట.

"మా అమ్మ దువ్వెనాపలేదు. జడల్లీసి, ముడెట్టీసి, అప్పుడంది. తలుపేసుకోయే, నిన్ను నువ్వు సంపుకోకు అని. మర్నాడే వడ్రంగిని పిలిసి గెడెట్టించింది. మా నాన్నకేటి సెప్పిందో తెలీదు, పిల్లులొస్తన్నాయని సెప్పుంటాది." అలా చెప్పి నవ్వింది. తన గదిలో ఉన్నంతసేపూ బయట అప్పడాల కర్ర చప్పుడు వినిపిస్తూ ఉండేదని, పీటమీద ఆ దొర్లుడు, మధ్యలో అంచు తట్టే చిన్న టక్కు, అది సాగుతున్నంతసేపూ ఎవరూ రారని తెలిసేదని, ఆగితే లేచి కూర్చునేదాన్నని చెప్పింది. "ఆ సప్పుడింటే నాకు నిద్దరొచ్చీసీది పిల్లా. సగం రోజులు నేనేటీ సెయ్యలేదు, పడుకున్నాను."

ఆ తరవాత నావైపు తిరిగి, "నీకు తెలుసా మరి, నీ సంగతి?" అంది. తెలియదన్నాను. అలలవైపు చూస్తూ, కొలత తీసేటప్పటి గొంతుతోనే, దాచుకోకుండా, వర్ణించకుండా, తెలియాల్సింది చెప్పింది. నేను ఇసక గుప్పిట్లోకి తీసుకుంటూ వదిలేస్తూ విన్నాను. ఎన్నో పుస్తకాలు చదివాను, ఆ మాట ఎవరూ నాకు రాసి పెట్టలేదు. ఇంటికి వచ్చాక మెల్లగా నాకూ తెలిసింది. నాకు తెలిసిన కొన్నాళ్లకు మా ఆయనకూ కొంత చెప్పగలిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ విన్నారు. మా కాపురం చీకట్లో మర్యాదగా పక్కకు తప్పుకోవడం మానేసింది ఆ తరవాతనే. ఇంతకంటే దీని గురించి రాయవలసింది లేదు.

తరవాతి ఏళ్లు ఎలా వెళ్లాయో మీ అందరికీ తెలిసినట్టే వెళ్లాయి. మామగారు, ఆ తరవాత అత్తగారు వెళ్లిపోయారు. అత్తగారు పోయాక అప్పడాల పీట అటక ఎక్కింది. నాకు గుండ్రంగా ఒత్తడం రాదు, వదినకు ఓపిక లేదు. పెంకులు పోయి స్లాబు పడింది, పైన రెండో అంతస్తు లేచింది. మా ఆయన పోయినప్పుడు బంధువులందరూ నా దగ్గర కూర్చుని భగవద్గీత గురించీ, పిల్లల గురించీ, ధైర్యం గురించీ చాలా చెప్పారు. అందరూ వెళ్లిపోయాక మా వదిన నా గదిలోకి వచ్చి, తలుపు వేసి చూసి, తీసి చూసి, "నీ గెడ సరిగ్గా పడతందా?" అని అడిగింది. పడుతోందన్నాను. "అయితే పర్లేదు" అని వెళ్లిపోయింది. నాకు వచ్చిన పరామర్శల్లో ఈనాటికీ గుర్తున్నది అదొక్కటే.

వదినకు ఎనభై దాటాక ఒకసారి గదిలో కాలు జారి పడింది. లోపల గెడ పెట్టి ఉండటంతో తలుపు పగలగొట్టి తీయవలసి వచ్చింది. మా అబ్బాయి భయపడిపోయి, కొత్త తలుపు వేయించి, గెడ లేకుండా ఉంచాడు. వాడు చేసింది ప్రేమతోనే. నేనూ కాదనలేకపోయాను. ఇంక ఈ వయసులో నీకు గెడెందుకు అత్తా అన్నాడు. ఆవిడ మంచం మీద పడుకుని, "మరి జపమెవుడు సేస్తాడ్రా?" అంది. వాడు తలుపు తీసి ఉంచుకుని కూడా చేసుకోవచ్చు కదా అన్నాడు. ఆవిడ నావైపు చూసి కన్ను కొట్టింది. ఆ తరవాత పోయేవరకూ ఆ తలుపు ఓరగానే ఉండేది. మందుల వేళకు ఒకరు, దుప్పటి మార్చడానికి ఒకరు, ఊరికే పలకరించడానికి ఒకరు వచ్చి తోసుకుని వెళ్లేవారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది.

మెట్లు ఎక్కలేక ఇప్పుడు ఆ గదిలో నేను ఉంటున్నాను.

సమావేశం అయ్యాక ఆటోలో వస్తూ మా కోడలు, "ఇబ్బంది పడ్డారా అత్తయ్యా? ఆవిడ అలా మాట్లాడుతుందని నాకు తెలియదు" అంది. లేదన్నాను. డాక్టరమ్మ బాగా చెప్పిందన్నాను. ఆమె కొంచెం ఆశ్చర్యపోయి, కొంచెం తేలికపడి, ఇప్పుడు వాళ్ల స్నేహితులందరూ ఇవన్నీ మాట్లాడుకుంటారనీ, ఫోన్లో కూడా డాక్టర్లు చెప్తుంటారనీ, కావలసినవి కొనుక్కోవడం కూడా మామూలైపోయిందనీ చెప్పింది. వింటుంటే నాకు సంతోషంగానే ఉంది. ఇల్లు దగ్గరకు వస్తుండగా, నా గదికి గెడ కావాలని అడిగాను.

ఆమె పడిపోతేనో అని మొదలుపెట్టి, తనే ఆగి, బయటినుంచి కూడా తెరిచేవి వస్తున్నాయి, అవి పెట్టిద్దామా అంది. అవి వద్దు, లోపలినుంచి మాత్రమే తెరిచేదే కావాలన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. రోడ్డువైపు చూసి, "సరే అత్తయ్యా" అంది.

రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి ససేమిరా అన్నాడు. అమ్మకేమైనా అయితే ఎవరు బాధ్యత అన్నాడు. కోడలు పెరుగు వడ్డిస్తూ, "మొబైల్ దగ్గరే పెట్టుకుంటారు. గెడ మాత్రం ఉంటుంది" అంది. ఆమెకు తెలియకుండానే అది మా అత్తగారి మాట. అలా అంటున్నప్పుడు ఆమె గొంతు కూడా పెరగలేదు. వడ్రంగి వచ్చి, పాత సామాన్ల డబ్బాలో దొరికిన ఆ పాత ఇనప గెడనే తుప్పు గీకి, నూనె రాసి బిగించి వెళ్లాడు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనం అయ్యాక తలుపు వేసుకుంటున్నాను. మామగారు కొట్టిన బద్ద లేదు, ఆ కిటికీ కూడా లేదు, అద్దాల కిటికీ వచ్చింది, దానికి తెర ఉంది. ఇల్లంతా ఎవరి గదుల్లో వాళ్లు తలుపులు వేసుకుని ఉంటారు, ఎవరూ ఎవరినీ తొంగి చూడరు. మా అత్తగారికి పేరు తెలియని ఆ సంగతికి ఇప్పుడు అన్ని భాషల్లోనూ పేరుంది, మైకులో చెప్పగలిగే డాక్టర్లు ఉన్నారు, నా కోడలికి నేను ఎందుకో చెప్పవలసిన పని కూడా లేకపోయింది. ఇదంతా మంచికే. మా వదిన ఉండి ఉంటే ఆ మండపంలో ముందు వరసలో కూర్చుని, డాక్టరమ్మ జాకెట్టు భుజాల దగ్గర సరిగ్గా కుదరలేదని చెప్పి ఉండేది.

అప్పడాలు ప్యాకెట్టులో వస్తున్నాయి, గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో. నడవలో నేల ఖాళీగా మెరుస్తూ ఉంటుంది. గెడ పెట్టి పడుకుని కళ్లు మూసుకున్నాక, తలుపు అవతల, చెమటలు కక్కుతూ, చీకట్లో, ఏమీ అడగకుండా ఒక మనిషి కూర్చుని ఉన్నట్టు అనుకుని చెవులు రిక్కించి వింటాను. పీటమీద కర్ర దొర్లే చప్పుడు, మధ్యలో అంచు తట్టే టక్కు. వినిపించదు. అయినా నిద్ర వచ్చేదాకా వింటూనే ఉంటాను.